మరొకరి పద్ధతిని మన ఆర్ట్ జర్నల్‌లో ప్రయత్నించేటప్పుడు

మిర్యాలగూడలో ఉంటూ, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిపూట ఆర్ట్ జర్నల్, అంటే బొమ్మలూ రంగులూ రాతలూ కలిసిన దినచర్య పుస్తకం, వేసుకుంటున్నానని మీరు రాశారు. ఇతర కళాకారుల వీడియోలు చూసి కొలాజ్, జెల్ ప్రింటు, ఫొటో బదిలీ వంటి మిక్స్‌డ్ మీడియా (పలు రకాల సామగ్రి కలిపి చేసే) పద్ధతులు ప్రయత్నిస్తే, పేజీ ప్రతిసారీ వారి పేజీకి నకలుగానే వస్తోందని, వారు వాడే సామగ్రి ఇక్కడ దొరకడం లేదని, దొరికిన వాటితో చేసిన పేజీలు ఎండాకాలంలో ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని, ఇలా నేర్చుకున్న పద్ధతులతో చేసిన వాటిని ప్రదర్శించడం, అమ్మడం సరైనదేనా అని అడిగారు. నల్లగొండలో చాలా ఏళ్లుగా పిల్లలకూ పెద్దలకూ చిత్రకళ నేర్పుతున్నాను కనుక, ఈ ఎండలోనూ ఈ నీటితోనూ ఏది నిలుస్తుందో, ఏది నిలవదో నాకు తెలిసినంత మేరకు వివరంగా చెబుతాను.

ముందుగా నకలు విషయం, ఎందుకంటే మిగతా చిక్కులకంటే అదే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నట్టు మీ మాటల్లో కనబడింది. వీడియోలో మనం చూసేది ఒక పేజీ పూర్తయ్యే తీరు మాత్రమే. ఆ కళాకారుడు ఆ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నాడు, ఆ రోజు చేతికి ఏ వస్తువులు అందాయి, ఏ ఇబ్బందిని దాటడానికి అలా చేయవలసి వచ్చింది అన్నవి అందులో ఉండవు. అవి తెలుసుకోకుండా రంగుల వరస, స్టెన్సిల్ ఆకారం, అక్షరాల తీరు తెచ్చుకుంటే మన పేజీ నకలుగానే మిగులుతుంది. అందుకే ఎవరి పేజీ నచ్చినా, దాని పక్కన రెండు ప్రశ్నలు రాసుకోమని నా విద్యార్థులకు చెబుతాను: ఇక్కడ చేయి ఏ పని చేసింది, ఆ పనికి ఆ మనిషి చుట్టూ ఉన్న ఏ వస్తువు కారణమైంది. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును ఆ కళాకారుడి దగ్గరే తీసుకోవచ్చు. రెండో ప్రశ్నకు మాత్రం జవాబును మన ఇంట్లో, మన ఊళ్లో వెతుక్కోవాలి.

కొలాజ్ చేసేవారందరూ ఏదో ఒక రోజు చేరుకునే కుర్ట్ ష్విట్టర్స్‌నే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, జర్మనీలోని హానోవర్‌లో ఆయన ట్రామ్ టికెట్లు, పొట్లాల కాగితాలు, దారాలు, చెక్క ముక్కలు అతికించి చిత్రాలు చేశారు. చేయి చేసిన పని, పారేసిన కాగితాన్ని దాని రంగు కోసం, దాని మీది అచ్చు కోసం ఏరి పక్కపక్కన పెట్టడం. వస్తువు, ఆయన రోజూ తిరిగిన ఊరి చెత్త. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే ‘పాతకాలపు ఐరోపా టికెట్ల’ కట్ట కొని అతికిస్తే ఆయన చేసిన పనిలో సగం కూడా మనం చేయనట్టే. మన దగ్గర ఆర్టీసీ టికెట్ ఉంది, మార్కెట్ యార్డులో వడ్లు అమ్మినప్పుడు ఇచ్చే చిట్టీ ఉంది, మందుల చీటీ ఉంది, పెళ్లి శుభలేఖ ఉంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కండక్టర్ చేతిలోని మెషీన్ ఇచ్చే టికెట్ థర్మల్ కాగితం. అది వేడి తగిలితే నల్లబడుతుంది, వెలుతురుకూ కొన్ని జిగుర్లకూ దాని మీది అక్షరాలు వెలిసిపోతాయి. అటువంటి టికెట్‌ను ముందుగా జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ను అతికించండి. ఏటీఎం చీటీలకూ దుకాణాల బిల్లులకూ ఇదే వర్తిస్తుంది.

అదే కాలంలో బెర్లిన్‌లో ఫొటో కొలాజ్‌లు చేసిన హన్నా హోఖ్ సంగతి మన ప్రాంతం వారికి మరింత దగ్గరిది. ఆమె ఒక పెద్ద పత్రికా ప్రచురణ సంస్థలో కుట్టుపని, అల్లిక, లేసు నమూనాలు గీసే ఉద్యోగం చేశారు. ఆ నమూనా కాగితాలను కత్తిరించి తన కొలాజ్‌లలో పెట్టుకున్నారు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చేనేత ఇళ్లలో చీర డిజైన్‌ను ముందుగా గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి గీస్తారన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీకు చేనేత బంధువులో స్నేహితులో ఉంటే, పని అయిపోయి పక్కన పడేసిన గ్రాఫ్ కాగితాన్ని అడిగి తీసుకోండి. అడగకుండా తీసుకోవద్దు, ఇంకా మగ్గం మీద ఉన్న డిజైన్‌ను అసలే వద్దు. అది వారి బతుకుతెరువు.

గ్రాఫ్ కాగితం ఎలాగూ వచ్చింది కనుక, చిటికి పనిని, అంటే ఇక్కత్ నేతను, జర్నల్‌లోకి ఎలా తేవచ్చో కాస్త విస్తారంగా చెబుతాను, ఎందుకంటే బయటి కళాకారుల వీడియోల్లో మీకు ఇది దొరకదు. చిటికిలో నూలును నేయకముందే, రంగు తగలకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కనుకనే డిజైన్ అంచులు కోసినట్టు ఉండకుండా మంచు పట్టినట్టు కనబడతాయి. ఆ అంచును బ్రష్‌తో గీసి తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే అది బొమ్మలాగే ఉంటుంది. కారణం పోగు జరగడం కాబట్టి, మనం కూడా పోగునే జరపాలి.

ఒక పలుచని డ్రాయింగ్ షీటు మీద రెండు మూడు నిండు రంగులతో ఒక ఆకారం వేయండి. వజ్రం ఆకారమైనా సరే, చిలుక అయినా సరే, మీ ఇంటి కిటికీ అయినా సరే. రంగు పూర్తిగా ఆరాక షీటును తిప్పి, వెనుక మూడు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున నిలువు గీతలు గీసి, ప్రతి పట్టీకి వరసగా అంకె వేయండి. అంకె వేయడం మరిచిపోతే తర్వాత ఏ పట్టీ ఎక్కడిదో తేల్చుకోలేరు. స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో కోసి, జర్నల్ పేజీ మీద అదే వరసలో అతికించండి, కానీ ఒక్కో పట్టీని అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు పైకో కిందికో జరపండి. ఈ జరపడం ఒక క్రమంలో ఉండకూడదు. ఒకటి పైకి, ఒకటి కిందికి అని లెక్కగా జరిపితే రంపపు పళ్ల వరస కనబడుతుంది, చిటికి అంచు రాదు. తోచినట్టు జరుపుతూ పోతే, రెండు అడుగుల దూరం నుంచి చూసినప్పుడు ఆ మసక అంచు దానంతటదే పుడుతుంది.

దీనికి ఒక మెట్టు పైన పుట్టపాక తేలియా రుమాలు ఉంది. అందులో నిలువు పోగులకూ అడ్డ పోగులకూ కూడా ముందే రంగు వేసి, రెండూ మగ్గం మీద కలిసే చోట డిజైన్ సరిగ్గా పడేలా నేస్తారు. కాగితంలో దీన్ని ప్రయత్నించాలంటే, ఒకే చిత్రానికి ఒకే కొలతలో రెండు కలర్ జిరాక్సులు తీయించి, ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా అర సెంటీమీటరు పట్టీలుగా కోసి, చాప అల్లినట్టు ఒకదానిలోకి ఒకటి అల్లాలి. రెండింటి అమరిక కుదిరిన చోట చిత్రం తిరిగి కనబడుతుంది, కుదరని చోట చెదురుతుంది. కొంత చెదరనివ్వడమే బాగుంటుందని నా అభిప్రాయం. పైన ఒక మూల నుంచి మొదలుపెట్టి, చివరలను మాస్కింగ్ టేపుతో బల్లకు అంటించుకుంటూ పోతే చేయి తడబడదు.

ఇక మీరు అడిగిన జెల్ ప్రింటుకు కావలసిన జెల్ ప్లేటు. వీడియోల్లో కనబడే ఆ పారదర్శకమైన మెత్తటి పలకను కొనవచ్చు, కానీ ఖరీదు ఎక్కువ. ఇంట్లో చేసుకునేవారు సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ పొడి వాడతారు; ఒక కప్పు నీటికి రెండు టేబుల్ స్పూన్ల పొడి కొలత. ఈ కొలత చెప్పేవారు చల్లని దేశాల్లో ఉన్నారన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. జెలటిన్ గట్టిదనం సుమారు 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్రిజ్ నుంచి తీసిన పలక రెండు మూడు ప్రింట్లు తీసేలోపు అంచుల దగ్గర జారిపోతుంది. ఎండాకాలంలో అగర్ అగర్, అంటే మిఠాయిల్లో వాడే చైనా గ్రాస్, మనకు అనుకూలం. అది సముద్రపు పాచి నుంచి వస్తుంది కాబట్టి జెలటిన్ ముట్టని శాకాహారులకు కూడా అభ్యంతరం ఉండదు. ఒకసారి గట్టిపడితే దాదాపు 85 డిగ్రీల వరకు కరగదు. లీటరు నీటికి 20 నుంచి 30 గ్రాముల పొడి కలిపి, అడుగంటకుండా మరిగించి, నురుగును కాగితం ముక్కతో తీసేసి, అంచులున్న స్టీలు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల మందాన పోసి కదపకుండా వదిలేయాలి. జెలటిన్ అంత సాగే గుణం అగర్‌కు లేదు, వంచితే విరుగుతుంది. అందుకని పళ్లెంలోంచి తీయకుండా అక్కడే ప్రింటు తీసుకోవడం మంచిది. పోసేముందు కొద్దిగా గ్లిజరిన్ కలిపితే ఎండి ముడుచుకుపోవడం తగ్గుతుంది.

ప్లేటు మీద అక్రిలిక్ రంగును రోలర్‌తో పలుచగా పరచి, ఆకు పెట్టి, పైన పాత కాగితం వేసి అరచేత్తో రుద్దితే ఆకు చుట్టూ ఉన్న రంగు ఆ కాగితంలోకి పోతుంది. అప్పుడు ఆకును మెల్లగా తీసి, రెండో కాగితం వేస్తే ఆకు కింద మిగిలిన రంగు ఈనెలతో సహా దిగుతుంది. చాలామంది మొదటి ప్రింటునే అసలైనదనుకొని రెండోదాన్ని తీయరు. జర్నల్‌కు పనికివచ్చేది ఆ రెండోదే. మోదుగ ఆకు ఈనెలు గట్టిగా, ఎత్తుగా ఉంటాయి కనుక అద్భుతంగా పడుతుంది. విస్తరాకులు కుట్టే ఇళ్లలో వాడిన ఎండుటాకు కంటే పచ్చి ఆకు మేలు, ఎండినది ప్లేటును గీస్తుంది. మన ఎండలో రంగు ప్లేటు మీదే నిమిషంలో ఆరిపోతుంది కాబట్టి పొద్దున్నే పని చేయండి, ఫ్యాను కట్టేయండి, రంగులో రెండు చుక్కల గ్లిజరిన్ కలపండి.

ప్రింటు గురించి మాట్లాడుతూ కృష్ణారెడ్డిని తలుచుకోకుండా ఉండలేను. 1925లో చిత్తూరు ప్రాంతంలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింటు స్టూడియోలో పనిచేసిన మన తెలుగువాడు ఆయన. ఒకే లోహపు పలక మీద వేర్వేరు చిక్కదనాలున్న సిరాలను వేర్వేరు మెత్తదనాలున్న రోలర్లతో పరిస్తే, నూనె ఎక్కువగా ఉన్న సిరా, తక్కువగా ఉన్న సిరాను తన మీద అంటుకోనివ్వదన్న గుణాన్ని ఆధారం చేసుకొని, ఒకే పలక నుంచి ఒకేసారి అనేక రంగుల ప్రింటు తీసే విస్కాసిటీ పద్ధతిని రూపొందించినవారిలో ఆయన ముఖ్యులు. ఆ పలక, ఆ ప్రెస్ మన ఇళ్లలో ఉండవు. కానీ ఒక పదార్థం మరొకదాన్ని తోసివేయడమనే పని మనకు అందుబాటులోనే ఉంది. ఆయిల్ పాస్టెల్‌తోనో కొవ్వొత్తితోనో గీసి, పైన నీటిరంగు పోసి చూడండి. ఆ తర్వాత పాస్టెల్‌ను ఒకచోట ఒత్తి, ఒకచోట తేలికగా గీసి, నీటిరంగును ఒకసారి పలుచగా, ఒకసారి చిక్కగా పోసి ఏది ఎంత నిలుస్తుందో పక్కన రాసుకోండి. ఇటువంటి ప్రయోగాల్లో ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఫలితం బాగా వచ్చినా ఎందువల్ల వచ్చిందో తెలియదు.

ఫొటో బదిలీలో మీ బొమ్మ చిరుగుతోందన్నారు. మీరు ఇంక్‌జెట్ ప్రింటు వాడుతున్నారేమో చూసుకోండి. ఈ పద్ధతికి లేజర్ ప్రింటు గాని జిరాక్స్ గాని కావాలి, ఎందుకంటే అందులోని టోనర్ ప్లాస్టిక్ వంటి పొడి, అది నీటికి కరగదు. పేజీ మీద అక్రిలిక్ జెల్ మీడియం పూసి, అది దొరకకపోతే ఫెవికాల్‌ను పలుచగా పూసి, ప్రింటును బోర్లా వేసి, బుడగలు లేకుండా ఒత్తి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు తడి వేలితో వెనుక కాగితాన్ని గుండ్రంగా రుద్దుతూ పొరలు పొరలుగా తీయాలి. ఫెవికాల్ నీటికి మెత్తబడుతుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ తడపకూడదు. ఒక పొర తీసి, ఆరనిచ్చి, మళ్లీ తడిపి ఇంకో పొర తీయాలి. చిరగడానికి తొందరే ముఖ్య కారణం. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది కనుక అక్షరాలున్న ఫొటోను జిరాక్స్ దుకాణంలోనే తిప్పి తీయించుకోండి. అమెరికన్ కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1958, 1960 మధ్య పత్రికల బొమ్మలను లైటర్ ద్రవంతో తడిపి, వెనుక నుంచి గీకి కాగితం మీదికి దింపారు. ఆ బదిలీ బొమ్మల్లో గీకిన గీతలు కనబడతాయి, ఆ గీతల్లోనే ప్రాణముంది. థిన్నర్, పెట్రోలు వంటి వాటితో దాన్ని ఇంట్లో ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు హాని, మంటకు మరీ ప్రమాదం. ఆయన గీతలు కావాలంటే బదిలీ అయిన బొమ్మ మీద ఇసుక కాగితంతో తేలికగా గీయండి. ఆయన 1975లో అహ్మదాబాద్ వచ్చి, అక్కడి చేతి కాగితపు మిల్లులో, స్థానికంగా దొరికే కాగితపు గుజ్జుతో, గుడ్డతో, వెదురుతో పనిచేశారని కూడా తెలుసుకోండి. అంత పేరున్న మనిషి ఊరు మారగానే సామగ్రి మార్చుకున్నారు.

మీకు ఏ పద్ధతితో మొదలుపెట్టాలో తేలడం లేదన్నారు కదా, రంగు వేసిన కాగితాలతో మొదలుపెట్టమని నా సలహా. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక, ఎక్కువసేపు నిలబడలేని స్థితిలో, సహాయకులు గౌష్ అనే చిక్కటి నీటిరంగు పూసిన కాగితాలను కత్తెరతో కోసి చిత్రాలు కూర్చారు. మన దేశంలో చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1950ల్లో చూపు పూర్తిగా కోల్పోయిన తర్వాత రంగు కాగితాలను చేతి స్పర్శతో కత్తిరించి, అతికించి కొలాజ్‌లు చేశారు. ఇద్దరి దగ్గరా కత్తెరే పెన్సిల్. ముందు గీసుకొని ఆ గీత వెంట కోస్తే వారి పని మన చేతికి రాదు. ఒక ఆదివారం కూర్చొని పాత పత్రికలు, బ్రౌన్ పేపరు, టిష్యూ, పిల్లల నోటుపుస్తకాల పేజీలు అన్నిటి మీదా రంగులు పూసి, దువ్వెనతో, కొబ్బరి పీచుతో, ముడిచిన గుడ్డతో గుర్తులు వేసి ఆరబెట్టి, రంగుల వారీగా కవర్లలో దాచుకోండి. రాత్రి అలసిపోయి ఇంటికి వచ్చినప్పుడు బ్రష్షులు తడపకుండా, కత్తెర, జిగురు పెట్టుకొని పని చేయడానికి వీలవుతుంది. వినోద్ బిహారీని అనుసరించాలనుకుంటే ఒక పేజీని కళ్లు మూసుకొని కత్తిరించి, ఆకారాలను వేళ్లతో తడిమి అమర్చి చూడండి. ఆ అమరికను కళ్లు తెరిచాక సరిచేయకండి.

అక్షరాల విషయంలో బయటి వీడియోలు మనకు పెద్దగా ఉపయోగపడవు. రోమన్ అక్షరాలకు చేసిన స్టెన్సిళ్లు, వరసల మధ్య దూరాలు తెలుగుకు సరిపడవు. మన లిపిలో గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి వేలాడుతాయి. కనుక రెండు వరసల మధ్య కనీసం ఒక అక్షరం ఎత్తు ఖాళీ వదలాలి, పత్రికల నుంచి మాటలు కత్తిరించేటప్పుడు పైన కింద జాగా ఉంచి కోయాలి. సొంతంగా స్టెన్సిల్ చేసుకోవడానికి పాత ఎక్స్‌రే ఫిల్ము చాలా మంచిది, కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది, ఎన్నిసార్లయినా కడగవచ్చు. అయితే ర, ఠ, సున్న వంటి మూసుకున్న గుండ్రాల్లో మధ్య ముక్క ఊడి పడిపోతుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే రెండు సన్నని వంతెనలు వదిలి కోయాలి. సొంత దస్తూరీ బాగుండదని మీరు వెనకాడుతున్నట్టు రాశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1920ల్లో తన కవితల రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలన్నిటినీ గీతలతో కలుపుతూ, పక్షులుగా, వింత జంతువులుగా మలిచారు. ఆ కొట్టివేతల నుంచే ఆయన చిత్రకారుడిగా ఎదిగి, 1930లో పారిస్‌లో చిత్రప్రదర్శన పెట్టారు. మీరు రాసిన దినచర్యలో కొట్టేసిన మాటలను చెరపకుండా, తెల్ల రంగు పూయకుండా, ఆ కొట్టివేతల నుంచే పేజీలోని ఆకారాలను మొదలుపెట్టండి.

సామగ్రి గురించి మీరు పడుతున్న ఆందోళనకు కారణం లేదు. గెస్సో, అంటే రంగు వేసేముందు పేజీకి పూసే తెల్లటి పూత, కావాలంటే పెయింట్ దుకాణంలో వైటింగ్ పొడి (సుద్ద పొడి) అడిగి తెచ్చుకొని, రెండు పాళ్ల పొడికి ఒక పాలు ఫెవికాల్, ఒక పాలు తెల్ల అక్రిలిక్ రంగు, మీగడ చిక్కదనం వచ్చేంత నీరు కలిపి, పలుచని గుడ్డలో వడకట్టండి. ఒకసారి నిలువుగా, ఆరాక ఒకసారి అడ్డంగా పలుచగా పూయాలి. మందంగా పూస్తే పేజీ తిప్పినప్పుడల్లా పగులుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పుగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. నీటిరంగు ఆరాక తెల్లటి చార కనబడితే తప్పు రంగుది కాకపోవచ్చు. రంగులు కలపడానికి ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి.

రంగులకు కూడా మన నేలే చాలు. చల్క భూమి ఎర్రమట్టిని గిన్నెడు నీళ్లలో బాగా కలిపి, అర నిమిషం ఆగితే ఇసుక అడుగుకు చేరుతుంది. పైన తేలుతున్న ఎర్రనీళ్లను మరో గిన్నెలోకి వంచి రాత్రంతా ఉంచితే అడుగున వెన్నలాంటి మన్ను మిగులుతుంది. దాన్ని ఎండబెట్టి, నూరి, ఒక పాలు తుమ్మ బంకను రెండు పాళ్ల వేడినీళ్లలో కరిగించిన జిగురుతో కలిపి, రెండు చుక్కల తేనె వేస్తే చక్కటి నీటిరంగు తయారవుతుంది. రేగడి నుంచి బూడిద నలుపు వస్తుంది, దుకాణాల్లో దొరికే జాజు నుంచి ముదురు ఎరుపు వస్తుంది. మట్టి రంగులు ఎండకు వెలవవు. మోదుగ పూల నుంచి తీసిన నారింజ రంగు, పసుపు మాత్రం వెలుతురుకు వెలిసిపోతాయి. అయినా పసుపునీళ్లు పూసిన పేజీ మీద సున్నపు తేటతో గీస్తే గీత వెంటనే ఎర్రగా తిరగడం చూడవలసిన ప్రయోగమే. ఆ ఎరుపు కాలక్రమంలో తగ్గుతుంది కనుక, వచ్చిన రోజే ఫొటో తీసి పక్క పేజీలో పెట్టుకోండి.

జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో నేల చెక్కల మీద కాగితం పరచి పెన్సిల్‌తో రుద్ది మొదలుపెట్టిన ఫ్రొటాజ్ పద్ధతి గురించి ఒక్క మాట. తాండూరు బండ, చేట అల్లిక, వేప బెరడు, పాత ద్వారబంధం, అన్నీ రుద్దవచ్చు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిల్పాల మీద మాత్రం కాగితం పెట్టి రుద్దవద్దు. అవి రక్షిత కట్టడాలు, రాపిడికి రాయి అరుగుతుంది. అక్కడ కూర్చొని నీడలు గీసుకోండి. ముఖ్యంగా ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో పడే స్తంభపు నీడను చూసి వచ్చి, ఇంట్లో కిటికీ చువ్వల నీడను ఒకే పేజీ మీద పూటపూటకూ గుర్తు పెట్టుకుంటూ పోతే మంచి స్టెన్సిల్ తయారవుతుంది.

పేజీలు అతుక్కుపోవడానికి కారణం అక్రిలిక్ స్వభావమే. ఆరిన తర్వాత కూడా అది సన్నని ప్లాస్టిక్ పొర, వేడికి మెత్తబడుతుంది, మీద బరువు ఉంటే ఎదుటి పొరకు అంటుకుంటుంది. రంగు వేసిన పేజీని మూసే ముందు కనీసం రెండు మూడు రోజులు తెరిచి ఉంచండి. తర్వాత తెల్ల కొవ్వొత్తి ముక్కను పేజీ అంతటా తేలికగా రుద్ది, మెత్తటి గుడ్డతో తుడవండి. పేజీల మధ్య బేకరీ వాళ్లు వాడే బటర్ పేపరు పెట్టండి. ఫెవికాల్‌ను వార్నిష్‌లాగా పైపూతగా వాడకండి, వానాకాలపు తేమకు అది జిగటగా మారుతుంది. ఎండాకాలంలో పుస్తకాన్ని రేకుల గదిలోనూ, బండి డిక్కీలోనూ ఉంచవద్దు, పుస్తకాల కింద పడుకోబెట్టవద్దు, నిలబెట్టి ఉంచండి. బైండింగ్ దుకాణంలో దొరికే గట్టి అట్ట పద్దు పుస్తకాన్ని మీరు వాడుతున్నారంటే, మొదలుపెట్టే ముందే ప్రతి మూడో ఆకును కుట్టుకు రెండు సెంటీమీటర్ల దూరంలో కోసేయండి, అతికించిన కాగితాల మందానికి చోటు దొరుకుతుంది. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పైగా కాలం గడిచేకొద్దీ కాగితాన్ని గోధుమ రంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. జర్నల్‌కు దాన్ని వాడవద్దు. మైదా జిగురును ఏ రోజుకారోజు కాచుకొని, అతికించిన పేజీని ఎండ తగలని గాలిలో పూర్తిగా ఆరబెడితే చాలు.

ప్రదర్శన, అమ్మకం విషయానికి వస్తే, ఒక పద్ధతి మీద ఎవరికీ హక్కు ఉండదు; జెల్ ప్రింటు, బదిలీ, కొలాజ్ ఎవరైనా చేయవచ్చు. ఒక కళాకారుడు చేసిన నిర్దిష్టమైన చిత్రం మీద మాత్రం హక్కు ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది ఆయన జీవితకాలమంతా, మరణించాక మరో 60 ఏళ్లపాటు ఉంటుంది. కనుక సాధన కోసం వేసిన నకలు పేజీని పుస్తకంలోనే ఉంచుకొని, అడుగున ఎవరి చిత్రం చూసి వేశారో పేరు, తేదీ రాసిపెట్టండి. ప్రదర్శనకు పెట్టే పేజీలో ఎవరి పద్ధతి నుంచి నేర్చుకున్నారో చీటీ మీద రాయడం చట్టానికి అవసరం లేకపోయినా, రాయాలనే నేను కోరుకుంటాను. పత్రికల నుంచి కత్తిరించిన ఫొటోలున్న పేజీలను అచ్చువేసి అమ్మవద్దు, ఆ చోట మీరు తీసిన ఫొటోలు పెట్టుకోండి. చిటికి పద్ధతిలో చేసిన కాగితపు పనిని అమ్మేటప్పుడు ‘పోచంపల్లి ఇక్కత్’ అన్న పేరు వేయకండి. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది అక్కడ మగ్గం మీద నేసిన బట్టకే చెందుతుంది. ‘చిటికి నేతను చూసి చేసిన కాగితపు కొలాజ్’ అని రాస్తే సరిపోతుంది.